గొడుగు మార్కు వడియాలు

మా ఆయనకు రెండు గుణాలున్నాయి. ఏ పనైనా చవగ్గా అయిపోవాలి. అయ్యాక ఘనంగా కనబడాలి. ఈ రెండూ ఒకచోట ఇమడవని పెళ్లయినప్పటి నుంచి చెబుతూనే ఉన్నాను. వింటే ఆయన జగన్నాధం ఎందుకవుతాడు? అరవై ఎనిమిదిలో వడియాలకు మార్కా వేయించాల్సి వచ్చినప్పుడు కూడా ఆ రెండు గుణాలే ముందు బయల్దేరాయి, ఆయన వాటి వెనకాల వెళ్లాడు.

వడియాలు మా వదినవి. వదినంటే మా ఆయనకు అప్ప, తాయారు. మా నరసన్నపేట వైపు అక్కని అప్ప అనే అంటాం. భర్త పోయిన ఏడాది తిరక్కుండా బొబ్బిలి నుంచి ఒక ట్రంకుపెట్టె, ఒక రుబ్బురోలు వేసుకుని బస్సు దిగింది. పెట్టెను ఆమే దింపుకుంది గానీ, బస్సు టాపు మీంచి రోలు దింపడానికి వీధిలో మగాళ్లందర్నీ పిలవాల్సి వచ్చింది. "పది రోజులుండి ఎల్లిపోతానమ్మా," అంది గుమ్మంలోనే, మా అత్తగారితో. మా అత్తగారు లక్ష్మీనరసమ్మ ఔననలేదు, కాదనలేదు, "రోలు దొడ్లో ఎట్టించు, దారికడ్డం," అంది. ఆవిడ మాటలెప్పుడూ అలాగే ఉంటాయి.

ఆ పది రోజులు రెండేళ్లయ్యాయి. రెండేళ్లలో ఒక్కసారైనా వదిన నోట "మన" అన్న మాట వినలేదు నేను. "మీ పొయ్యి ఖాళీ అయ్యాక సెప్పు పద్మా." "మీ డాబా మీద కొంచెం ఎండబెట్టుకుంటాను." పుట్టి పెరిగిన ఇంట్లో చుట్టంలా ఒదిగి ఒదిగి తిరుగుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ఉండబట్టలేక, "ఏటొదినా ఈ మీరూ మీదీ? నాను నీకేమైనా ఇంటద్దె అడిగినానేటి?" అని కసిరాను. నవ్వి ఊరుకుంది. మర్నాడు మళ్లీ "మీ నూతిలో నీలు బాగుంటాయి" అంది. ఏం చేస్తాం.

ఊరికే తింటున్నానన్న బాధ పడలేక మొదలుపెట్టిందే ఆ వడియాల పని. బూడిద గుమ్మడికాయ ముక్కలు ఉప్పేసి, గుడ్డలో మూటగట్టి, బరువు పెట్టి నీళ్లన్నీ ఓడ్చి, ఆ రోట్లోనే రుబ్బిన మినప్పిండిలో కలిపి పెట్టేది. ఆ చేతిలో ఏముందో తెలీదు, నూనెలో పడగానే ఒక్కొక్కటీ అరచేతంత పొంగేది. ముందు వీధిలో అడిగారు. తరవాత ఊళ్లో అడిగారు. చివరికి విజయనగరం మార్కెట్లో కొట్టున్న వేంకటాచలం గారి దాకా పోయింది పేరు. నెలకో రెండు నెలలకో మా ఆయన పాత పంచెల్లో మూటలు కట్టి, నేనో మా ఆయనో బస్సు మీద పట్టుకెళ్లేవాళ్లం. వేంకటాచలం గారు ఆ మూటల్ని అలాగే విప్పి కొట్టు ముందర బల్ల మీద పెట్టేవాడు. పది రోజుల్లో ఖాళీ అయిపోయేవి.

శివరాత్రి వెళ్లాక నేనూ మా ఆయనా సరుకు పట్టుకెళ్లినప్పుడు వేంకటాచలం గారు మూట విప్పకుండా కూర్చోబెట్టాడు.

"తాయారమ్మ సేతికి వంక పెట్టడానికి లేదమ్మా. కానీ ఇప్పుడు ఊళ్లో ప్రతి కొట్టోడూ తనయి నరసన్నపేట వడియాలే అంటన్నాడు. ఎక్కడో కొనుక్కుంటారు, అవి పొంగవు, వచ్చి నన్ను తిడతారు. ఇంక ఇలా కుదరదు. పేకట్లు కట్టండి. పేకట్టు మీద ఒక మార్కా ఉండాల. సదువు రాని మనిషి కూడా ఫలానా మార్కుది ఇయ్యండి అని అడగ్గలగాల. శ్రీరామనవమి నుంచి పెళ్లిళ్ల బేరం. ఈలోగా మార్కాతో వస్తే ఏడాది పొడుగునా మీ సరుకే తీసుకుంటాను. నేదంటే ఈ వడియాల బేరమే మానేస్తాను," అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే వదిన చేతిలో చాట కింద పెట్టింది.

"మార్కాలూ అవీ మనలాంటోలకెక్కడవుతాయి తమ్ముడూ," అంది. ఆ "మనలాంటోలు" లెక్కలోకి రాదు, అది పేదరికానికి సంబంధించిన మన. "బొబ్బిల్లో మా మరిది ఓటేలు పెట్టినాడు కదా. వంటకి మనిషి కావాలని కబురు మీద కబురు ఎడతన్నాడు. ఈ బేరం ఆగిపోతే నాను ఎల్లిపోతాను. కూకుని మీ కూడు తిన్లేను."

ఆ మరిది సంగతి నాకు తెలుసు. అన్న పోయిన నెలకే వదిన గదిలో బియ్యం బస్తాలు వేయించిన మనిషి. వాడి హోటల్లో పొయ్యి పొగలో మగ్గుతూ వదిన పూరీలు వత్తుతుంటే చూడటానికా నేనున్నది? "మార్కా ఏయిస్తాం. నువ్వు బొబ్బిలి పేరెత్తితే ఆ రోలు తీసి నూతిలో పడేస్తాను," అన్నాను. రోలు నేను కదపగలిగేది కాదని వదినకు తెలుసు, కానీ ఏడుపాపి నవ్వింది.

అక్కణ్నుంచి మొదలైంది మా మార్కా భాగోతం.

ముందు విజయనగరంలో ఒక ప్రెస్సుకి వెళ్లాం. ప్రెస్సు యజమాని మర్యాదస్తుడు. బొమ్మ ఆర్టిస్టు చేత గీయించాలన్నాడు. దాన్ని విశాఖపట్నం పంపి జింకు బ్లాకు చేయించాలన్నాడు. ఆ తరవాత అచ్చు కూలి, కాగితం, జిగురు అన్నాడు. మా దగ్గరున్నదెంతో మా ఆయన చెప్పాడు. యజమాని నవ్వలేదు గానీ, అప్పటికే తెమ్మన్న కాఫీల్లో రెండు తగ్గించమని కేకేశాడు.

రెండో ప్రయత్నం స్కూల్లో డ్రాయింగు మాస్టారు. కాసిని వడియాలకే బొమ్మ గీస్తానన్నాడు పాపం. మా ఆయనకు సింహం కావాలి. వడియాలకీ సింహానికీ ఏమిటయ్యా సంబంధం అంటే, "గంభీరంగా ఉంటాది," అన్నాడు. మాస్టారు గీసిన సింహం మా వీధి కుక్క ఎండకు నాలిక బయట పెట్టుకున్నప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. మా అత్తగారు చూసి, "దీనికి గంజి పోసినారా?" అంది.

ఆవిడకు శ్రీకూర్మం స్వామి తాబేలు వేయించాలని ఉండేది. అదైతే మాస్టారు బాగానే గీసేవాడు. కానీ పేకట్టు చింపాక కాగితం ఎక్కడ పడుతుంది? రోడ్డు మీద. రోడ్డు మీద పడ్డ దేవుణ్ని జనం తొక్కితే ఆ పాపం ఎవరికి? ఆవిడకే భయమేసి, చెంపలేసుకుని, ఆ ప్రసక్తి మానేసింది. శ్రీరామనవమి దగ్గరికొచ్చేస్తోంది. వదిన ట్రంకుపెట్టె తీసి చీరలు సర్దుకుంటుంటే చూశాను. అడిగితే "సిమ్మెట్లు పడతన్నాయి, దులుపుతన్నాను," అంది. ఆ అబద్ధం చెప్పడం కూడా రాలేదు ఆమెకు.

అప్పుడు దిగాడు నరసింగరావు మావయ్య. మా అత్తగారి తమ్ముడు. కిందటేడు ఎలక్షన్లలో ఏ పార్టీ పిలవకపోయినా ఇండిపెండెంటుగా నిలబడి, డిపాజిట్టు పోగొట్టుకుని, అయినా నైతికంగా తనే గెలిచానని పెళ్లిళ్లలో చెబుతూ ఉండేవాడు. ఆయన గుర్తు గొడుగు. ఓటర్లు మిగిల్చినవి ఆయన దగ్గర రెండున్నాయి, గొడుగు బొమ్మ బ్లాకు ఒకటి, ఒక గది నిండా గులాబీరంగు కాగితం కట్టలు.

"ఒరే జగన్నాధం, బుర్ర నేదేటిరా నీకు? బ్లాకు నా కాడుంది. కాగితం నా కాడుంది. గొడుగు కింద రెండు ముక్కలు అచ్చేయించుకో, సాలు," అన్నాడు. "గొడుగంటే ఏటి? నీడ! ఈ తాలూకాలో గొడుగు తెలీనోడున్నాడేటి? ఓటెయ్యకపోతే ఎయ్యకపోనారు, వడియాలైనా కొంటారు."

మా ఆయన ముఖం వెలిగిపోయింది. చవగ్గా అయిపోతుంది. గొడుగేమో మూడు వరసల కుచ్చులతో పెళ్లి గొడుగులా ఘనంగా ఉంది. ఇంకేం కావాలి?

"నువ్వేటంటావప్పా?" అని అడిగాడు వదినను. ఆమె ఆ బొమ్మను చూసి ఏదో అనబోయింది. నేను చూశాను, నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. "మీ ఇష్టం తమ్ముడూ. మీరందరూ ఇంత కష్టపడతన్నారు," అంది.

పేకట్లు తయారయ్యాయి. గులాబీ కాగితం, మధ్యలో గొడుగు, కింద "జగన్నాధం అండ్ కంపెనీ". కంపెనీ ఎవరయ్యా అని అడిగితే, "అలాగుండాల," అన్నాడు. వడియం పెట్టిన మనిషి పేరు లేదేమని అడిగాను. "ఆడోల పేరు పేకట్టు మీద ఏటి బాగుంటాది," అన్నాడు. ఆ పూట ఆయనకు కూరలో ఉప్పు వేయలేదు.

నవమికి రెండు రోజుల ముందు సరుకు దింపి వచ్చాడు. పది రోజులకు ఖాళీ అయిపోయాయని కబురు రావాలి. వారం దాటింది, రెండు వారాలు దాటాయి, కబురు లేదు. చివరికి వచ్చిన కబురు "ఓసారి వచ్చి సరుకు పట్టుకెళ్లండి" అని. మా ఆయనకు ముఖం చెల్లలేదు. "నాను ఎల్తాను," అంది వదిన. "అట్నించటే బొబ్బిలి బస్సెక్కుతాను." ట్రంకుపెట్టె చేతిలో ఉంది, దాని తాళం కొంగున ఉంది. నేనూ చెప్పులేసుకున్నాను. కొత్తగా పెట్టిన వడియాల పేకట్లు కొన్ని, ఎందుకైనా మంచిదని, పాత పంచెలో మూటగట్టి చంకన పెట్టుకున్నాను.

వేంకటాచలం గారి బల్ల మీద గులాబీ పేకట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఆయన మమ్మల్ని చూసి మొహమాటపడ్డాడు.

"ఏటి సెప్పమంటారమ్మా. వచ్చినోడల్లా గొడుగు సూస్తాడు, పేకట్టు కింద పెట్టేస్తాడు. ఇయి వానకి తడిసి మళ్లీ ఎండబెట్టినయా అని అడుగుతన్నారు!"

నేను నెత్తిన చేయి పెట్టుకున్నాను. వడియాలు పెట్టే ఇంట్లో వానంటే ఎంత భయం! మబ్బు కనబడితే గుండె ఆగిపోతుంది. అలాంటి వడియాల మీద గొడుగు! లోకంలో ఇంకే సరుకు మీదైనా వేయొచ్చు, వడియాల మీద తప్ప. ఇంటిల్లిపాదీ కలిసి, ఆలోచించి, ఎక్కడెక్కడో తిరిగి, సరిగ్గా దాన్నే ఏరి తెచ్చాం.

"ఆ రోజే అందామనుకున్నాను పద్మా," అంది వదిన మెల్లగా.

"మరేల అన్నేదు?"

"నాను అనడానికేటి..." అని ఆగిపోయింది.

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. నడిబజారులో ఎవరిని తిట్టాలో తెలీక పేకట్లు ఏరి బుట్టలో పడేస్తున్నాను. అంతలో గజపతినగరం వైపు నుంచి ఒకావిడ, పెళ్లి సరుకులు కొనడానికి వచ్చినట్టుంది, ఇద్దరు మనుషుల నెత్తిన బుట్టలతో వచ్చి కొట్టు ముందు నిలబడింది.

"షావుకారూ, వడియాలేవీ?"

"ఇయిగో కదమ్మా. నరసన్నపేట వడియాలు."

"ఈ గొడుగుయి నాకెందుకు! ఎప్పుడూ ఇచ్చేవి ఇయ్యి. గీత మీద మూడు సుక్కలు ఉంటాయే, ఆ గుడ్డలోయి. నా కూతురి పెళ్లి. ఆ సుక్కల వడియాలు నేకపోతే వియ్యపురాలు నన్ను బతకనిస్తాదేటి?"

వేంకటాచలం గారు తెల్లబోయాడు. "ఏ సుక్కలమ్మా?"

"ఏ సుక్కలేటి, ఏడాదై నీ బల్ల మీద ఏలాడతన్నాయి కదా!" ఆవిడ కోపంగా అటూ ఇటూ చూసి, నా చంకలో ఉన్న మూట చూసింది. గబుక్కున దాని చెంగు లాగి పైకెత్తింది. "ఇదిగో! ఇదే కదా! ఇక్కడెట్టుకుని నేదంటావేటి?"

పంచె మూల, నల్లగా, చిటికెన వేలంత అడ్డగీత. దాని మీద మూడు చుక్కలు. మా చాకలి దానమ్మ పెట్టే గుర్తు. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో పెడుతుంది. మా ఇంట్లో ప్రతి బట్ట మీదా ఉంటుంది. రోజూ కట్టి విప్పే బట్టల మీద ఉన్నదాన్ని ఎవరు చూస్తారు?

ఆవిడ నా మూట విప్పించింది. గొడుగు పేకట్టు చింపి, ఒక వడియం వాసన చూసి, కొరికి, "ఇయే," అంది. మూటలోవీ బల్ల మీదవీ అన్నీ బుట్టలోకి ఎత్తించుకుంది. గొడుగు కాగితాలు మాత్రం అక్కడే పారేయించింది. వేంకటాచలం గారు గల్లాపెట్టె మీద చేయి వేసుకుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"నలుగురూ సుక్కల మూట కేసి సెయ్యి సూపిస్తే, సరుకు సూపిస్తన్నారనుకున్నాను. మార్కా ఏయించుకు రమ్మని నాను మిమ్మల్ని తిప్పడమేటి, అది నా బల్ల మీదే ఉండడమేటి!"

నేను వదినను మాట్లాడనీయకుండా నరసన్నపేట బస్సే ఎక్కించాను.

మర్నాడు పొద్దున్నే దానమ్మ బట్టలకొచ్చింది. మా ఆయన పంచె పరిచి అడిగాడు. "ఏటే దానమ్మా, ఈ గుర్తేటి? మా పక్కింటోలకి రెండే సుక్కలున్నాయి."

"గీత ఇంటికి బాబూ, ఇంటికో తీరు. సుక్కలు ఆడోలికి. సాయంకాలం నాకు కూడెట్టే సేతులన్నమాట. అలగైతే నాను మర్సిపోను."

"మా ఇంట్లో మాత్రం ముందు నుంచీ మూడేనా?"

"మీకూ రెండే ఉండేవి. ముసలమ్మగారూ, కోడలమ్మా. తాయారమ్మ బస్సు దిగిన మర్నాడు కదా ముసలమ్మగారు నన్ను దొడ్లోకి పిలిసి సెప్పినారు. ఒలే దానమ్మా, నా కూతురొచ్చీసినాది, ఇంటి బట్టలన్నిటి మీదా ఇంకో సుక్క ఎట్టీమన్నారు. నానన్నాను, పది రోజులకి వచ్చినారంట కదమ్మా, జీడి సుక్క పెడితే మరి పోదు, ఉతికినకొద్దీ నల్లబడతాది అని. రోలు తెచ్చుకున్న మనిషి ఎక్కడికెల్తాదే, ఎట్టు అన్నారు."

మా అత్తగారు గుమ్మడికాయ తరుగుతూ అటు తిరిగి కూర్చుంది. "బట్టలు మారిపోతాయని ఎట్టమన్నాను. దానికింత సభేల? ముక్కలు నల్లబడిపోతన్నాయి, ఉప్పు తే," అంది.

వదిన పంచె చేతిలోకి తీసుకుంది. మూడో చుక్క మీద వేలు పెట్టి రుద్ది చూసింది, పోతుందేమోనన్నట్టు. పోలేదు. రెండేళ్లు ఈ ఇంటి బట్టలే మడతపెట్టిన మనిషికి, అది తన చుక్క అని తెలీదు. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను, నాకు సిగ్గేమీ లేదు. మా ఆయన కంట్లో నలుసు పడిందంటూ నూతి దగ్గరికి వెళ్లాడు.

ప్రెస్సులో ఈసారి కాఫీ వచ్చింది. గుర్తు చూసి యజమాని అన్నాడు. "దీనికి బ్లాకెందుకండీ? గీత నా అచ్చక్షరాల కేసులో ఉంది. చుక్కలు కావలసినన్ని ఉన్నాయి. టైపులోనే బిగించేస్తాను." కాగితం కూడా కొనలేదు. మావయ్య గులాబీ కాగితాలకే రెండో వైపు అచ్చు వేయించాం. మావయ్య పేకట్టు తిప్పి చూసుకుని, "పోన్లే, నా గొడుగు లోపలైనా ఉన్నాది," అన్నాడు. తడవకుండా కాపాడుతుందని కూడా అన్నాడు. ఆయనలాంటి వాళ్లు ఎన్నికల్లో ఓడిపోవడమేగానీ మాటల్లో ఓడిపోరు.

అచ్చుకిచ్చే ముందు మా ఆయన అడిగాడు. "అప్పా, గీత కింద నీ పేరు ఏయిస్తాను. తాయారు వడియాలు అని."

"ఏలరా," అంది వదిన. "సుక్క ఉన్నాది కదా, సాలు."

వైశాఖంలో ఒక మధ్యాహ్నం, నేను పేకట్లకు జిగురు రాస్తున్నాను. పడమట మబ్బు పట్టింది. గాలి లేచింది. దొడ్లో రోటి దగ్గర్నుంచి వదిన కేకేసింది.

"ఒలే పద్మా! వానొచ్చేస్తంది! బేగి ఎల్లు, మన డాబా మీద వడియాలు తీసీ!"

పరుగెత్తాను. సగం మెట్లెక్కాక ఆ మాట చెవికెక్కి నిలబడిపోయాను.

"అలాగ నిలబడిపోనావేటే, తడిసిపోతాయి!" అని కింద నుంచి తిట్టింది వదిన. అంత గట్టిగా ఆమె నన్ను తిట్టడం అదే మొదలు.